ఆరింటికి మోగే ఫోన్

2003లో మదనపల్లెలో మా ఇంటి ముందుగదిలో మా మరిది తన కంప్యూటరు పెట్టుకున్నాడు. విత్తనాల వ్యాపారం లెక్కలన్నీ దాంట్లోనే. రోజూ సాయంత్రం ఆరింటికి, తను వ్యాపారం చేసే కుప్పం నుంచి సెల్లులో మా ఇంటికి ఫోన్ చేసేవాడు. ఫోన్ తీగ కంప్యూటరుకూ కలిపి ఉండడంతో, ఆ రింగుకు నిద్రపోతున్న కంప్యూటరు లేచి, లెక్కలు అతనికి మెయిల్లో పంపేది.

"ఆరింటికి మోగితే ఎత్తొద్దు వదినా. నీకు కాదు, దాన్ని లేపుతాండాను."

"మనుషుల్ని ఎప్పుడు పలకరిస్తావప్పా?" అంటే నవ్వేవాడు.

మరుసటేడు వాళ్లన్నతో, అంటే మా ఆయనతో, గొడవపడి, కంప్యూటరు తీసుకుని పుంగనూరు వెళ్లిపోయాడు. మాటలు ఆగిపోయాయి.

ఆ తర్వాతి ఉగాదినాడు సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. అలవాటుగా ఎత్తలేదు. ముందుగదిలోకి చూస్తే ఖాళీ బల్ల. ఆ ఫోన్ నాకే. పరుగెత్తేలోపే ఆగిపోయింది.

వెంటనే తిరిగి చేశాను. అతను ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.