పెద్దమ్మ ఖాళీ చేయించని గది

మా పక్కింటి పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున నీళ్లు పట్టుకుంటుంటే తెలిసింది. నిద్రలోనే పోయిందట. రాయచూరులో మా గల్లీకి ఆవిడే పెద్ద దిక్కు అని వచ్చినవాళ్లంతా అన్నారు. ఎంత మంచి మనిషి, ఎంత ధైర్యం అని కూడా అన్నారు. వింటుంటే నాకు ఏడుపు కన్నా ముందు నీరసం వచ్చింది. కరోనా వచ్చిన ఏడాది ఈ మనుషులే ఆవిడ గుమ్మం ముందు నిలబడి ఏమన్నారో మా అరుగు మీంచి నేను విన్నాను.

మంచి మనిషే, మెత్తని మనిషి మాత్రం కాదు. అద్దెకున్నవాళ్లు పగలు లైటు వేస్తే వెళ్లి ఆపేసి వచ్చేది. ఉర్దూలో బేరమాడేది, కన్నడంలో పోట్లాడేది, దేవుణ్ణి తిట్టాల్సొస్తే తెలుగే. మా ఇంటికి ఎప్పుడొచ్చినా "ఏం వండినవ్ బిడ్డా?" అని అడిగి, రుచి చూసి, ఉప్పు చాలలేదనేది.

ఆవిడ వెనక గదిలో ఒక నేపాలీ కుటుంబం ఉండేది. భార్యాభర్తలు, చిన్న పాప. అతను బస్టాండు దగ్గర బండి మీద గోబీ, నూడుల్స్ చేసేవాడు. సాయంత్రమైతే మా గల్లీ సగం ఆ బండి దగ్గరే. జబ్బు చైనాలో పుట్టిందని టీవీలో చెప్పిన కొన్నాళ్లకే అతని ముఖం వీళ్లకు చైనా ముఖమైపోయింది. పిల్లలు ఆ పాపను చూసి "కరోనా, కరోనా" అని అరుస్తూ పరుగెత్తేవారు. పెద్దలు ఆపలేదు. అతని భార్యను నీళ్లకు నల్లా దగ్గరికి రానివ్వలేదు. నేపాల్ వేరు, చైనా వేరని తెలియకనా? అందరూ బడిలో చదివినవాళ్లే. టీవీ పొద్దస్తమానం భయపెడుతోంది, ఆ భయానికి వేలు పెట్టి చూపించడానికి ఒకడు కావాలి. ఆ బండి పెట్టుకునే చోటు మీద ముందే కన్నున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు ఇదే అదను.

లాక్‌డౌన్‌లో ఒక పొద్దున గల్లీవాళ్లు గుంపుగా వచ్చారు. ఆ నేపాలీ కుటుంబాన్ని ఖాళీ చేయించమన్నారు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. ఆ గది పోతే వాళ్లకు రోడ్డే గతి.

పెద్దమ్మ నోట్లో ఆకువక్క ఉమ్మేసి వచ్చి గడప మీద కూర్చుంది.

"నా పుట్టిల్లు కల్మల దిక్కు. నా చిన్నప్పుడు గత్తర వచ్చి వాంతులు, బేదులై జనం సస్తుంటే ఏం జేస్తుండిరి ఎర్కేనా? మారెమ్మను చిన్న బండిల కూసోవెట్టి పొలిమేరల ఇడిసి వస్తుండిరి. అవతలి ఊరోళ్లు చూసి ఇంకో పొలిమేరకు నూకుతుండిరి. గంత దూరం నూకినా గత్తర పోయిందా? మా తమ్ముడు పోయిండు. అది కట్టె బొమ్మ. వీళ్లు మనుషులు, యాడికి నూకుమంటరు?"

"మాకు భయమైతున్నది పెద్దమ్మా" అన్నాడు ముందున్నాయన. ఆ మాట నిజమే.

"నాకు గాదా? ముసల్దాన్ని, వస్తే ముందు నేనే పోత. భయమైతే మీ తలుపులు వేసుకోండ్రి. వాళ్ల తలుపు జోలికి రాకుండ్రి."

గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఆనాటి నుంచి నీళ్లొచ్చినప్పుడల్లా పెద్దమ్మ స్టూలు వేసుకుని నల్లా పక్కన కూర్చునేది. తన బిందె వెనకే వాళ్ల బిందె. బిందె సరిగ్గా తోమలేదని ఆ నేపాలీ ఆమెనూ వదిలిపెట్టేది కాదు. "భయం ఊకె కూసోదు బిడ్డా, ఎవరో ఒకరు దొరికేదాంక తిరుగుతనే ఉంటది" అని మోకాళ్లు రుద్దుకుంటూ నాతో అంది. ఆ గొంతులో గెలిచిన సంతోషమేమీ లేదు.

బస్సులు తిరగడం మొదలవగానే వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారు. ఎందుకు ఆపలేదని పెద్దమ్మను అడిగాను.

"ఏమని ఆపాలె? రోజూ గిట్ల బతుకుండ్రి అని ఎట్ల జెప్త?" అని లోపలికి వెళ్లింది. ఆ రోజు మా ఇంటికి రాలేదు.

ఆవిడ పోయిందని ఆ గోబీ బండి అతనికి నేనే ఫోన్ చేశాను. సాయంత్రం పాడె లేచే వేళకు వచ్చాడు కానీ గల్లీ మొదట్లోనే నిలబడిపోయాడు. నేను దగ్గరికి వెళ్లి, లోపలికి రమ్మన్నాను. ఇక్కడి నుంచే చూస్తాను అక్కా అన్నాడు ఉర్దూలో. అంత జనంలో ఎవరికీ మాస్క్ లేదు. అతనొక్కడికే ఉంది, గల్లీవాళ్ల చూపు తన మీద పడ్డప్పుడల్లా కళ్ల కిందిదాకా లాక్కుంటున్నాడు. పాడె తన ముందు నుంచి వెళ్తుంటే రెండు చేతులూ జోడించాడు. కళ్ల నీళ్లకు మాస్క్ తడిసిపోయింది. అయినా తీయలేదు.