పాత బట్టల బోణీ

నా చిన్నప్పుడు గుంటూరులో మా నాన్నకు చిన్న బట్టల కొట్టు ఉండేది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ బేరాలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, పదేళ్లకే ఎవరిచేతనైనా ఏదైనా కొనిపించగలనని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మొదటి దెబ్బ మా మేనత్తగారి ఇంట్లో తగిలింది.

ఆ ఇల్లు మిర్చి గోడౌన్ల పక్క సందులో ఉండేది. అత్తయ్య, ఆవిడ స్నేహితురాళ్లు నలుగురు కలిసి ఊళ్లో పాత బట్టలు పోగుచేసేవారు. ఉతికి, మడతలు పెట్టి, వీధివైపు గదిలో పేర్చి, గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు ఇవ్వాలని వాళ్ల ఆలోచన. ఆ కూలీలు మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చేవారు. గదిలోంచి పెరట్లోకి వెళ్లి, పంపు దగ్గర మండే చేతులు కడుక్కుని, తిరిగి వెళ్లేటప్పుడు బట్టల వంక ఓసారి చూసి పోయేవారు. ఒక్కరూ ముట్టుకోలేదు. ఊరికే తీసుకోవడానికి మొహమాటపడుతున్నారని అత్తయ్య బాధ.

ఉపాయం నేనే కనిపెట్టాను. మా కొట్లో పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని మా నాన్న వట్టి చేతులతో పోనిచ్చేవాడు కాదు. బోణీ కాకపోతే ఆ రోజంతా వ్యాపారం సాగదని ఆయన భయం. ఆ భయం కొనేవాళ్లకూ తెలుసు, పాపం ఏదో ఒకటి కొనేసేవారు. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని, అందరికంటే ముందొచ్చిన పెద్దామెతో, "ఇంకా బోణీ కాలేదు పిన్నీ. నీ చెయ్యి మంచిది, ఒక్క చీర తీసుకెళ్లు" అన్నాను. ఆమె నవ్వి తీసుకుంది. అంతే, ఇక నాకు పట్టపగ్గాల్లేవు. పదో మనిషి దగ్గర కూడా బోణీ పాటే. బడి ఉన్న రోజుల్లో నా పాట అత్తయ్య పాడేది. చీరలు కదిలిపోతుంటే అదంతా నా నోటి చలవేనని విర్రవీగాను.

రెండేళ్లకు పాత బట్టలు దులిపిన దుమ్మంతా అత్తయ్య ఊపిరితిత్తుల్లో చేరింది. ఆయాసం పట్టుకుంది. డాక్టరు గది మూసెయ్యమన్నాడు. స్నేహితురాళ్లు బదిలీలనీ, మనవలనీ ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆవిడ మాత్రం, తానూ మానేస్తే ఆ ఆడవాళ్ల ఒంటిమీద గుడ్డ లాక్కున్నట్టే అవుతుందని మందులు మింగుతూ బట్టలు దులిపేది. మావయ్య ఎంత కేకలేసినా వినలేదు. ఒకరోజు నా కళ్లముందే చీర దులుపుతూ ఊపిరాడక గుమ్మంలో కూలబడిపోయింది.

కూలీలు అప్పుడే వచ్చారు. పెద్దామె అత్తయ్యకు నీళ్లు తాగించి వీపు నిమిరింది. కాస్త తేరుకున్నాక అత్తయ్య తలెత్తకుండానే, రేపటినుంచి ఈ గది ఉండదని చెప్పింది. పెద్దామె, "మూసెయ్యండమ్మగారూ, పుణ్యముంటది. ఎప్పుడు మూస్తారా అని చూస్తన్నాం" అంది.

అత్తయ్య తెల్లబోయింది.

"ఈ నైలాను చీరలు కట్టుకుని కాయల్లో కూకుంటే ఒళ్లంతా మంటే గదమ్మా. నూలు చీరలన్నీ మీకు బట్టలిచ్చేవోళ్లు ఇళ్లలోనే ఉంచుకుంటన్నారు. మా మేక కూడా జరీ అంచు కప్పుకుని పడుకుంటంది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తీసుకెళ్లారే?"

"ఈ పాప బోణీ అంటదిగా, కాదని ఎట్టా పోతాం? పైగా రోజూ మీ పంపు వాడుకుంటన్నాం. చీర వద్దంటే మీరు పంపుకాడికి రావద్దంటారేమోనని."

అత్తయ్య దగ్గుతూనే నవ్వడం మొదలుపెట్టింది. వాళ్లూ నవ్వారు. రెండేళ్లుగా ఆవిడ వాళ్లకోసం, వాళ్లు ఆవిడకోసం మోసిన మూటలు ఆ గుమ్మంలో దిగిపోయాయి. నేను మాత్రం స్టూలు పట్టుకుని మెల్లగా లోపలికి జారుకున్నాను.

మిగిలిన బట్టలన్నీ అత్తయ్య స్టీలు సామాన్లామెకు వేసి రెండు పెద్ద బిందెలు తీసుకుంది. వాటిని పంపు పక్కన పెట్టించి, చేతులకు రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా ఒకటి గూట్లో ఉంచింది. ఖాళీ అయిన గదిలో వాళ్లు నీడపట్టున అన్నాలు తినేవారు. వేసవి దాటేసరికి అత్తయ్య మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలిగింది.

మొన్న మా కాలనీలో పాత బట్టలు పంచే సంస్థ ఒకటి మూతపడింది. నడిపిన అమ్మాయి ఏదో తప్పు చేసినదానిలా వచ్చి నా ముందు కూర్చుంది. దిగులు పడేముందు, తీసుకునేవాళ్లను ఓసారి కదిపి చూడమన్నాను. ఆ సాయంత్రం ఫోన్లో ఆ పిల్ల గొంతు తేలికగా ఉంది.

నేనైతే ఇప్పుడు ఎవరికేం ఇవ్వాలన్నా, ముందు మీకేం కావాలని అడుగుతాను. జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడమే, ఈ వయసులో కూడా, నా ప్రాణానికి వస్తోంది.