మోగని ఫీడింగ్ పంపు

2007లో నేను కర్నూలులో ఒక వైద్య పరికరాల డీలరు దగ్గర సర్వీస్ ఇంజనీరుని. ఎండాకాలంలో ఒకరోజు ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఫోను వచ్చింది. ఫీడింగ్ పంపు ఊరికే మోగుతోందట.

మింగలేని రోగికి ముక్కులోంచి కడుపులోకి వేసిన ట్యూబు ద్వారా, గంటకు ఇంత అని కొలిచి ద్రవాహారం పంపే మిషను అది. రోగి డోన్‌లో నూనె అంగడి ఉన్న శెట్టిగారు. పక్షవాతం, దానికి తోడు షుగరు. పంపులో వెళ్లే ఆహారానికి సరిపడా ఇన్సులిన్ వేళకు ఇస్తున్నారు. ఆహారం ఆగి ఇన్సులిన్ మాత్రం వెళితే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ పంపులో ముఖ్యమైన సెన్సర్లు రెండు. పైనున్నది డ్రాప్ సెన్సర్. ఆహారం చుక్కలుగా పడే డ్రిప్ చాంబర్‌కు అడ్డంగా కంటికి కనబడని కిరణం పంపి, అది తెగినప్పుడల్లా ఒక చుక్క లెక్కపెడుతుంది. కిందున్నది ప్రెషర్ సెన్సర్. ట్యూబు ఎక్కడైనా మూసుకుంటే లోపలి ఒత్తిడికి అది ఉబ్బుతుంది. సెన్సర్ ఆ ఉబ్బు పసిగట్టగానే పంపు ఆగి, అడ్డు పడిందని చెప్పే ఆక్లూజన్ అలారం మోగుతుంది. అడ్డు తీసేదాకా పంపు కదలదు.

వెళ్లి, వేరే ట్యూబుతో మంచినీళ్లు పోసి నడిపాను. రెండు సెన్సర్లూ సరిగానే ఉన్నాయి. పాత ట్యూబును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గోధుమరంగు పేస్టు.

"ఇందులో ఏం పోశారమ్మా?" అని శెట్టిగారి భార్యను అడిగాను.

"రాగిజావప్పా. పంచెగుడ్డలో మూడు తూర్లు వడగట్టి పోస్తాండా. ఆస్పత్రోళ్లిచ్చే ఆ డబ్బాలో తెల్లపొడి నీళ్లకు మనిషి లేస్తాడా? పెండ్లయినకాడ్నుంచి నా చేతి కూడే తినె."

"జావ ఆరితే గట్టిపడుతుందమ్మా. ట్యూబు మూసుకుంటుంది."

"నువ్వు వంట గూడా నేర్చినావా ఏమి?" అని ఆమె నవ్వింది. "సరేలే నాయనా."

ఆ 'సరేలే' నాకు నమ్మకం కలిగించలేదు. డాక్టరుగారి గదికి వెళ్లి, ఇన్సులిన్ సంగతి కూడా కలిపి చెప్పాను.

"శెట్టిగారోళ్లను నేనేమీ అనలేనప్పా. డోన్ నుంచి మనకు పేషెంట్లను పంపేది వాళ్లే. నువ్వు ఆ మిషను నోరు మూయించు, చాలు."

"మూయిస్తే అది పంపు కాదు సార్."

"ఏమప్పా, నిన్న మొన్న పాసయినోడివి, నాకే పాఠం చెప్తాండావే!"

కొత్త ట్యూబు వేసి వచ్చేశాను. వారం తిరక్కుండా మళ్లీ ఫోను: మిషను ఫెయిలయింది, రమ్మని. వెళ్లేసరికి శెట్టిగారు కళ్లు తెరిచే ఉన్నారు గానీ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. షుగరు బాగా పడిపోయి, చాలాసేపు ఎవరికీ తెలియలేదట. మెదడు దెబ్బతింది.

పంపు వెనక మూత విప్పాను. ఎవరో మెకానిక్కును పిలిపించి చేయించిన పని. స్పీకరు వైర్లు రెండూ కత్తిరించి, కొసలకు శుభ్రంగా టేపు చుట్టారు. సెన్సర్ అడ్డును పట్టుకుంది, పంపు ఆగింది, తెర మీద ఎర్ర అక్షరాలూ వెలిగాయి. రెండు వార్డులకూ ఒక్కతే అయిన నర్సు వాటిని చూడలేదు. వేళకు ఇన్సులిన్ మాత్రం ఇచ్చింది.

"మిషను చెడిపాయెనంట గదా నాయనా, డాక్టరు చెప్పినాడు," అంది శెట్టిగారి భార్య.

"చెడిపోలేదమ్మా. మోగకుండా వైర్లు కోసేశారు."

ఆమె మంచం వైపు తిరిగి భర్త దుప్పటి సర్దింది.

"కూత ఆగిపాయె గదప్పా. ఇంగ ఒంటికి పడతాండాదిలే అని, ఇంగో గ్లాసు పోస్తి."

సెన్సర్ ఆపదను కనిపెట్టగలదు, అంతవరకే. ఆ కబురు ఎవరి చెవిన పడాలో తేల్చేది మనుషులు. ఇప్పుడు పంపు ఎక్కడ బిగించినా ముందు రోగి ఇంటివాళ్లను పిలిచి, వాళ్ల చేతనే ట్యూబు మడిపించి అలారం మోగిస్తాను. వాళ్లు ఉలిక్కిపడతారు, అర్థం చేసుకుంటారు. సౌండు తగ్గించే మార్గం లేదా అని అడిగేది మాత్రం ఇప్పటికీ డాక్టర్లే.