మేళం రాని పెండ్లి

నా పెండ్లి ముహూర్తం అరవై తొమ్మిది ఎండాకాలంలో ఒక బుధవారం, పొద్దున తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. లగ్నపత్రిక చదివి తెలుసుకున్న సంగతి కాదిది, ఇంట్లో అందరూ అదే పలుకుతుంటే చెవిన పడి నిలిచిపోయింది. ఇప్పుడెందుకు ఎత్తానంటే, మొన్న ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు మా మరిది మనవరాలి పెండ్లికి పోయాను. తాళి కట్టే వేళకు సౌండ్ బాక్సుల దగ్గరున్నతను ఫోన్‌లో ఏదో నొక్కాడు, గట్టిమేళం మోగింది. మూడో ముడి పడకముందే సన్నాయి ఆగిపోయి, ఎవరో ఆడగొంతు బట్టల సబ్బు గొప్పతనం చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు, అక్షింతలు వేసేశారు. నేనొక్కదాన్నే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే పక్కనున్న కోడలు "ఏమైందత్తమ్మా?" అని అడిగింది. అందరూ భోజనాలకు లేస్తున్న టైములో అంత కథ ఏం చెప్పను? అందుకే కూర్చుని రాస్తున్నాను.

అప్పట్లో మేం దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మా నాయన పోచంపల్లి నుంచి చీరల మూటలు తెచ్చి పట్నంలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాడు. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డు మీద అప్పుడు ఒక ఎడ్లబండి పోతే ఆ దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టేది. ఎల్బీనగర్ దిక్కు నడిస్తే ద్రాక్ష తోటలు. పండ్ల కాలంలో గాలి కూడా తియ్యగా ఉండేది, ఈగలు అంతకన్నా ఎక్కువగా ఉండేవి. ఒకే వాకిట్లో మూడు వాటాలు. ఒకటి మాది. రెండోది మేస్త్రీ మామది. వాళ్ళు రామన్నపేట దిక్కు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆయన ఆరు రోజులు గోడలు కట్టి ఏడో రోజు చర్చిలో డోలక్ కొట్టేవాడు, ఆయన తల్లి పాట ఎత్తుకునేది. ఆ ముసలామె పాట ఎత్తుకుంటే మా గిన్నెలు కూడా కొంచెం మోగేవి. మూడో వాటాలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక గుమాస్తా, ఆయన భార్య. ఆమెకు ఫిడేలు వచ్చు, అందుకని మేమంతా ఫిడేలమ్మ అనేవాళ్ళం. సాయంత్రం పూట ఆమె వాయిస్తే మా నాయన బయట కూర్చుని చీరలు మడత పెడుతూ వినేవాడు. ఆ ఏడు తెలంగాణ గొడవలు మొదలయ్యాక ఫిడేలు ఆగిపోయింది. తలుపు సగమే తెరిచేది. నోరు విప్పితే యాస బయటపడుతుందని నల్లా దగ్గర బిందె జరపమని కూడా సైగతోనే అడిగేది. కాలేజీ మూతపడి రోజూ ఊరేగింపుకు పోతున్న మా అన్నను చూస్తే ఆమెకు ఇంకా భయం.

నన్ను చూడ్డానికి తుర్కయంజాల్ నుంచి వచ్చిన పిల్లగాడు ఒకటే అడిగాడు, "పాటలు వస్తయా?" అని. ఆ రోజుల్లో అందరూ అదే అడిగేవాళ్ళు. రాకపోయినా ఏదో ఒకటి కూనిరాగం తీయించేవాళ్ళు. నేను "రావు. వంట గూడ అంతంతే" అన్నాను. మా అమ్మ నా తొడ మీద గిచ్చిన గుర్తు నాలుగు దినాలు ఉంది. అతను మాత్రం నవ్వి, వాళ్ళమ్మ దిక్కు తిరిగి "అబద్ధమైతే ఆడదు, ఖాయం చేయి" అన్నాడు. ఇక నాకు వేరే మనిషి కళ్ళకు ఆనలేదు. అయితే అతని మేనత్తకు ఈడొచ్చిన బిడ్డ ఉంది. ఈ సంబంధం ఎక్కడ తెగుతుందా, తన బిడ్డను ఎప్పుడు పీటల మీద కూర్చోబెడదామా అని ఆమె కాచుకుని ఉన్నదని మాకు చెప్పని వాళ్ళు లేరు.

పెండ్లికి ముందురోజు సాయంత్రం అన్న సైకిల్ గోడకు ఆనించి, "మేళమోళ్లు రారు. కర్ఫ్యూ పెట్టిండ్రు, చాదర్‌ఘాట్ వంతెన దాటనిస్తలేరు" అన్నాడు.

"అయితే లగ్గం లేదు" అంది మా నాయనమ్మ, చేతిలో ఉన్న వక్క నోట్లో వేసుకుంటూ.

అంతే. ఇంకో మాట లేదు. మా ఇంట్లో నాయన మాట మీద అమ్మ మాట, అమ్మ మాట మీద నాయనమ్మ మాట. ఆమె మొండితనానికి కారణం కూడా ఉంది. ఆమె పెండ్లిలో సరిగ్గా పుస్తె కట్టే వేళకు డోలు చర్మం పగిలి గట్టిమేళం ఆగిపోయిందట. ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారట. పెండ్లయిన నెలకే మా తాత బొంబాయి మిల్లుకు పోయి మూడేండ్లు తిరిగి రాలేదు. "తుమ్మినోని పేరు గూడ యాదికున్నది నాకు" అనేది. గట్టిమేళం ఎందుకు పెట్టారో, పెండ్లిళ్ళు చేయించే మా అయ్యవారు కూడా అదే చెప్పేవాడు, తుమ్ము, ఏడుపు, చెడ్డమాట ఏదీ ఆ క్షణంలో చెవిన పడకూడదని. వాయిదా వేస్తే మళ్ళీ ముహూర్తం ఆషాఢం దాటాకే. ఆషాఢం దాటేసరికి తుర్కయంజాల్‌లో ఆ మేనత్త ఊరికే కూర్చోదు. నేను వంటింట్లోకి పోయి ఉల్లిగడ్డలు కోశాను. ఏడ్చినా ఎవరికీ తెలియదని.

గోడ అవతల నుంచి మేస్త్రీ మామ తల్లి అంతా విన్నది. "ఏందే, మేము సచ్చిపోయినమా? మా ఇంట్ల డోలక్ లేదా, తాళాలు లేవా?" అని అరిచింది.

"డోలక్ ఉంటే సరిపాయెనా? సన్నాయేది? దాని నోరెవలు?" అంది నాయనమ్మ.

"నీ నోరున్నది గదనే. పొద్దుందాక ఆగదు."

ఇద్దరూ ఒకే తమలపాకును చింపి పంచుకునే స్నేహితులు కాబట్టి ఆ మాట అక్కడితో అయిపోయింది. కానీ మా అమ్మ కన్ను మూడో వాటా మీద పడింది. అన్నతో, "నువ్వే పో, పిలువు" అంది. వాడు గోడ గీకుతూ నిలబడ్డాడు. పొద్దున లేస్తే రోడ్డు మీద నినాదాలు ఇచ్చేది వాడే. "గది వేరే, గిది వేరేనమ్మా, గని ఏమని పిలువాలె?" అన్నాడు. "అక్కా అని పిలువు. నోరు పోదు" అంది అమ్మ.

వాడు పోయి ఆ సగం తలుపు ముందు నిలబడి, "అక్కా, రేపు మా చెల్లె లగ్గం. మేళం రాలే. నువ్వు జర వాయిస్తే..." అని ఆగాడు. లోపల నుంచి గుమాస్తా గొంతు "ఎందుకొచ్చిన గోలే, ఊరుకో" అనడం మాకందరికీ వినబడింది. ఫిడేలమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. "మీరు ఊరుకోండి. ఆ పిల్ల నా కళ్ళ ముందు పెరిగింది. సన్నాయి మోత నా వల్ల అవ్వదు తమ్ముడూ, కానీ ఫిడేలు గట్టిగానే వాయిస్తాను. పెట్టె కొంచెం పట్టుకుంటావా, బరువు" అంది. మా అన్న ఆ పెట్టెను దేవుడి పల్లకిలా మోసుకొచ్చాడు.

చీకటి పడేలోపు వాకిట్లో ఒకసారి వాయించి చూసుకున్నారు. నాయనమ్మ ఫిడేలును అటూ ఇటూ తిప్పి చూసి, "గీ కట్టె గీకితే గట్టిమేళమైతదా?" అంది. వాయించాక ఒప్పుకుంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది: "ఏమన్న కానీ, ఆగొద్దు." అయ్యవారు మేస్త్రీ మామను పిలిచి, "పుస్తె కట్టేటప్పుడు నేను చెయ్యి లేపుతా, చూసుకో" అన్నాడు. మేస్త్రీ మామ, "గది నాకు చెప్పాల్నా అయ్యగారూ? చెయ్యి లేస్తే ఏం చెయ్యాల్నో ఇరువై ఏండ్ల సంది ఎరుకే" అన్నాడు. ఇద్దరూ సంతోషంగా విడిపోయారు.

పొద్దున మగపెండ్లివారు బస్సులు లేక తోటల గట్ల మీదుగా బండి కట్టుకుని వచ్చారు. మేనత్త కూడా వచ్చింది, పందిట్లో సన్నాయి కోసం వెతుక్కుని, ఫిడేలును చూసి మూతి విరిచింది. జీలకర్ర బెల్లం అయ్యింది. డోలక్, తాళాలు, ఫిడేలు మెల్లగా నడుస్తున్నాయి. అయ్యవారు గడియారం చూశాడు. పుస్తె పళ్ళెంలో నుంచి పెండ్లికొడుకు చేతికి, అక్కడి నుంచి నా మెడ దాకా వచ్చింది. అయ్యవారు చెయ్యి పైకెత్తాడు.

డోలక్ ఠక్కున ఆగిపోయింది. తాళాలు ఆగిపోయాయి. తన తప్పేదో దొర్లిందనుకుని ఫిడేలమ్మ కమాను పైకెత్తి పట్టుకుంది.

చర్చిలో పాస్టరుగారు చెయ్యి లేపితే ప్రార్థన మొదలు, పాట ఆపాలి. మేస్త్రీ మామ ఇరవై ఏండ్లుగా అదే చేస్తున్నాడు. అయ్యవారు కంగారుపడి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. రెండు చేతులు లేస్తే దీవెన. మేస్త్రీ మామ, ఆయన భార్య, తల్లి ముగ్గురూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. పందిట్లో ఎంత నిశ్శబ్దమంటే ఈగల మోత వినబడింది. ఎదురుగా మా మేనమామ, నశ్యం డబ్బీ మూత తెరిచిన మనిషి, నోరు తెరిచి, కళ్ళు పైకెత్తి, తుమ్ముకు సిద్ధంగా ఉన్నాడు. నా మెడ మీద పెండ్లికొడుకు వేళ్ళు ఆగిపోయాయి. మేనత్త ముఖం వెలిగింది.

అప్పుడు మా నాయనమ్మ పాట ఎత్తుకుంది.

ఆమె గట్టిగా పాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఊళ్ళో మగ్గం మీద కూర్చున్నప్పుడు పోగులు బిగించే పలక దెబ్బకు తగ్గట్టు గొణుక్కునేది, అంతే. ఆ పొద్దున మాత్రం నోట్లోని వక్క ఉమ్మేసి, పిల్లను అప్పగించేటప్పుడు మా దిక్కు పాడే పాటను, సన్నాయి అంత ఎత్తున అందుకుంది. మొదటి చరణం సగంలో మేస్త్రీ మామ తల్లి ఒక కన్ను తెరిచింది. ఆ బాణీ ఆమెకు తెలుసు. ప్రతి ఆదివారం పాడేదే. వెంటనే ఆమె కూడా తన మాటలతో అందుకుంది. తల్లి గొంతు వినగానే మేస్త్రీ మామ చెయ్యి దానంతట అదే డోలక్ మీద పడింది. ఫిడేలమ్మ ఒక్క క్షణం చెవి ఒగ్గి, ఆ రెండు గొంతుల వెనక జొరబడింది. ఒకామె అత్తింటికి పోయే పిల్ల గురించి, ఇంకొకామె ఏసయ్య గురించి, బాణీ మాత్రం ఒక్కటే. మూడు ముళ్ళూ పడ్డాయి. మేనమామ మూడో ముడి తర్వాత పందిరి గుంజ ఊగేటట్టు తుమ్మాడు. ఎవరికీ వినబడలేదు, నాకు తప్ప. మా ఆయనకూ వినబడిందని రాత్రి చెప్పాడు.

భోజనాల దగ్గర జరిగిన లడాయి పెండ్లి కన్నా బాగుంది. "మా పాట మీ దేవునికెట్ల పోయిందే?" అని నాయనమ్మ. "మా తాతలు క్రైస్తవులైనప్పుడు మతం మారిండ్రు గని చెవులు మారినయా? మన ఇండ్లల్ల ఉన్న బాణీలే తీసుకపోయిండ్రు" అని మేస్త్రీ మామ తల్లి. ఫిడేలమ్మ విస్తరి ముందు కూర్చుని, ఆ వాకిట్లో కొన్ని నెలల తర్వాత మొదటిసారి పూర్తి గొంతుతో, "ఇదే వరస మా అమ్మమ్మ ఊయల పాటలో పాడేదండీ. ఆనందభైరవి ఛాయ ఉంది" అంది. "పేరు గూడ ఉన్నదా దానికి? ఇన్నేండ్లు పేరు లేకుండనే పాడితిమి" అని నాయనమ్మ ఇంకో గరిటె పప్పు ఆమె విస్తట్లో వేసింది. ఎవరి పాట ఎవరికి పోయిందో ఆ పూట తేలలేదు. మా అన్న మర్నాడు కూడా ఊరేగింపుకు పోయాడు. సాయంత్రం ఫిడేలు మోగుతుంటే మా నాయన పక్కన కూర్చుని వాడు కూడా చీరలు మడత పెట్టాడు.

నాకు పాట ఇప్పటికీ రాదు. వినడం మాత్రం ఆ వాకిట్లో నేర్చుకున్నాను. ఏ ఊరి పాటైనా వింటే, ఇది ఇంకా ఎవరెవరి ఇండ్లల్లో తిరిగి వచ్చిందో అని చెవి వెతుకుతుంది.

ఆ పొద్దున పందిట్లో ఉన్నది నాయనమ్మ, నాయన, అమ్మ, అన్న, నశ్యం మేనమామ; మేస్త్రీ మామ, ఆయన భార్య, తల్లి; ఫిడేలమ్మ, గుమ్మంలోనే నిలబడి చూసిన ఆమె భర్త గుమాస్తా; అయ్యవారు; తుర్కయంజాల్ నుంచి వచ్చిన మా అత్త, మామ, మరిది, ఆ మేనత్త; పీటల మీద నేను, మా ఆయన. వీళ్ళలో ఇప్పుడు నేనూ మరిదే మిగిలాం. కాలం మనుషుల్ని వరసగానే తీసుకుపోయింది, వాళ్ళ గొంతులను తీసుకుపోవడం మాత్రం ఇంకా దానికి చేతకాలేదు.