దిబ్బ మీద నలభై మూడు

మొన్న ఆదివారం మోండా మార్కెట్లో ఒకామె ఆకులతో ఉన్న క్యారెట్ కట్టలను గోనెపట్టా మీద దులిపింది. పచ్చి ఆకు, తడి మట్టి, కొంచెం వాము కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే, వంకాయల కోసం వెళ్ళినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. నా వెనక ట్రాఫిక్ ప్యాట్నీ దాకా ఆగిపోయిందని రాయాలని చెయ్యి లాగుతోంది. ఆగింది ఒక స్కూటరు. దాని మీదున్నాయన, "అంకుల్, జెర జరుగుతరా" అన్నాడు. జరిగాను. జరుగుతున్నప్పుడు ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. ఆమెను మీరు చూసి ఉండరు కాబట్టి చెప్పాలి.

ఆవిడ మాకు ఇంటర్లో జువాలజీ చెప్పేవారు. కాకినాడ పక్క నుంచి ఉద్యోగానికి వచ్చి లాలాగూడలో స్థిరపడ్డారు. ముప్ఫై ఏళ్ళు సికింద్రాబాదు నీళ్ళు తాగినా ‘ఆయ్’ అనడం మానలేదు. ఎత్తు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. ఆ లోటును చూపుతో పూడ్చుకునేవారు. ఆ చూపు చివరి బెంచీ దాకా వచ్చి, గోడకు తగిలి, తిరుగు ప్రయాణంలో కూడా ఒకరిద్దరిని పట్టుకునేది. గంజి పెట్టిన ఆవిడ నేత చీర ఎంత బిరుసుగా ఉండేదంటే, మేడమ్ సెలవు పెట్టిన రోజున చీర ఒక్కటే వచ్చి పాఠం చెప్పగలదని మా నమ్మకం. అప్పట్లో రెండో ఏడాదిలో కుందేలు పాఠం ఉండేది. ఒక్క జంతువును పట్టుకుని పళ్ళ నుంచి తోక దాకా చదవాలి. ఒకరోజు నన్ను లేపి, "నరహరీ, కుందేలుకు పళ్ళెన్ని?" అన్నారు.

"చాలా ఉంటాయి మేడమ్."

"చాలా అనేది అంకె కాదు నాయనా. బెంచీ ఎక్కు."

ఎక్కాను. ఇరవై ఎనిమిది అని ఆ ఎత్తు మీద నుంచి నేర్చుకున్నాను. కానీ ఆ బెంచీ దిగిన మరుక్షణం నుంచి నేను చేసిందల్లా ‘చాలా’ల వ్యాపారమే. పగలు ఆఫీసులో గుమస్తాగిరీ, ఆదివారాలు మా పేటల వారపత్రికలో హాస్య శీర్షిక. మా ఆవిడ దోసె మాడితే సెగ కాప్రా దాకా వెళ్ళిందని రాసేవాణ్ణి. ఎవరికీ నష్టం లేదు, మా ఆవిడకు తప్ప.

ఇక దిబ్బ సంగతి. మా రైల్వే కాలనీ వెనక ఒక కుంట ఉంది. దాని నడుమ ఎకరం కూడా లేని మట్టి దిబ్బ, దాని మీద నల్లతుమ్మలు, గడ్డి, కొంగలు. నా రాతల్లో మాత్రం అది మహాసముద్రంలో ఉండాల్సిన దీవి, దారి తప్పి లాలాగూడ వచ్చింది. చుట్టూ నీళ్ళు ఉండటంతో కుక్కలు వెళ్ళలేవు. అందుకని అక్కడ సీమ కుందేళ్ళు పెరిగాయి. మన అడవి కుందేళ్ళు కావు, పెంపుడు జాతివి. తెల్లవీ గోధుమ రంగువీ, ఎవరో వదిలేస్తే అడవిపాలైన సంతానం. వాకింగుకు వచ్చినవాళ్ళు గట్టు మీద నుంచి చూసి మురిసిపోయేవాళ్ళు. నేను మురిసిపోయి ఊరుకోలేదు. దిబ్బ మీద రెండు వేల కుందేళ్ళున్నాయనీ, సాయంత్రం నాలుగింటికి కవాతు చేస్తాయనీ, ఈత నేర్చుకుని మెట్టుగూడను ముట్టడించే రోజు దగ్గర్లోనే ఉందనీ రాశాను. ఆ వారం నన్ను మెచ్చుకోనివాడు లాలాగూడలో లేడు.

నెల తిరగకముందే ఒక పొద్దున ఆరింటికి ఫోను మోగింది. ఎస్తేరు మేడమ్. రిటైరై అప్పటికి పదేళ్ళయింది, గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"నరహరీ, ఆ రెండు వేలూ ఎవరు లెక్కపెట్టారు?"

"హాస్యం మేడమ్ అది."

"నీ హాస్యాన్ని ఫైల్లో పెట్టారయ్యా. పదింటికల్లా చెరువుల ఆఫీసు దగ్గరికి రా."

వెళ్ళాను. కుంటను బాగుచేసే పని చూస్తున్న ఇంజనీరు శ్రీనివాస్ మర్యాదస్తుడు. మేడమ్‌కు కుర్చీ వేసి, ఫైలు తిప్పి చూపించాడు. అందులో నా శీర్షిక కత్తిరింపు ఉంది. రెండు వేలు అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత. జీవితంలో ఒక్కసారైనా నా రాతను ఎవరైనా గీత గీసి చదవాలని కోరుకున్నాను. ఆ కోరిక అట్లా తీరింది.

"బయటి జాతి మేడమ్. తుమ్మల బెరడు మొత్తం కొరికేస్తున్నయ్. గడ్డి లేకపోయేసరికి నీటికోళ్ళు గుడ్లు పెడ్తలేవు. తీసేయాల్సిందే" అన్నాడు ఇంజనీరు.

"తీసేయాల్సిందే. నేనూ అదే అంటున్నాను. ఎలా తీస్తారు?"

అతను కాసేపు పేపర్‌వెయిట్ తిప్పాడు. "రెండు వేలు పట్టాలంటే అయ్యేపని కాదు. మందు కలిపిన గింజలు చల్లిస్తం. రెండు రోజుల్ల క్లియర్."

"ఆ గింజలు నీటికోళ్ళు తినవా? చచ్చిన కుందేలును గద్ద తినదా?" మేడమ్ గొంతు పెంచలేదు. "సరే, రెండు వేలు లేకపోతే?"

"వంద లోపల ఉంటే మీరే పట్టుకపోండి మేడమ్, నాకేం తక్లీఫ్ లేదు. లెక్క చూపియ్యండి. వచ్చే సోమవారం మీటింగు ఉన్నది. వానలు పడే లోపల పని అయిపోవాలె."

బయటికొచ్చాక నేను ఏదో సంజాయిషీ చెప్పబోయాను. మేడమ్ వినలేదు. "రేపు అయిదున్నరకు గట్టు మీద ఉండు. తెల్ల చొక్కా వేసుకోకు" అన్నారు.

కుంటలో చేపలు పట్టే మల్లేశ్‌కు ఒక తెప్ప ఉంది. థర్మాకోల్ దిమ్మలను యూరియా సంచుల్లో కుట్టి, తాళ్ళతో బిగించింది. దాని మీద నేను కాలు పెట్టగానే చెరువు నీరంతా లేచి గట్టు దాటి రైలు పట్టాల మీదికి పోయింది. కనీసం నాకు అట్లాగే అనిపించింది.

"సారూ, నడిమిట్ల కూసోండి. మీరు అటు ఒరిగితే మేమిద్దరం ఇటు లేస్తున్నం" అన్నాడు మల్లేశ్.

"ఆయన రాతలు కూడా అంతేనయ్యా. ఒకవైపే బరువు" అన్నారు మేడమ్.

దిబ్బ మీద ఆవిడ నన్ను ఒక తుమ్మ కింద కూర్చోబెట్టి, కదలవద్దన్నారు. ఆవిడ అవతలి కొసన కూర్చున్నారు, ఒళ్ళో పాత హాజరు పట్టీ. వెలుగు రాగానే బొరియల్లోంచి కుందేళ్ళు బయటికొచ్చాయి. గంట తర్వాత నా లెక్క రెండు వందల పన్నెండు. మేడమ్ లెక్క ముప్ఫై తొమ్మిది.

"ఆ మచ్చ కుందేలును ఎన్నిసార్లు లెక్కపెట్టావు?"

"ఏ మచ్చ మేడమ్?"

"అదీ సంగతి. నువ్వు కుందేలును చూడటంలేదు. కదలికను చూస్తున్నావు."

మర్నాటి నుంచి పద్ధతి మార్చారు. క్లాసులో హాజరు వేసినట్టే ప్రతి కుందేలుకూ ఒక నంబరు, దాని ఎదురుగా గుర్తు. ఏడు, ముక్కు మీద నల్ల మచ్చ. పద్దెనిమిది, కుంటుతుంది. పంతొమ్మిది, గోధుమ రంగు, ఎడమ చెవి చీలింది. గుర్తు చెప్పలేకపోతే లెక్కలోకి రాదు. అరగంట కదలకుండా కూర్చోవడం నాలాంటివాడికి ఎంత నరకమో రాయడానికి కాగితం చాలదు. చీమలు నా కాళ్ళ మీద రెండంతస్తుల మేడ కట్టాయి. కానీ మూడో పొద్దున ఒక విచిత్రం జరిగింది. పంతొమ్మిది బయటికొచ్చి, ముందరి కాళ్ళతో ఆ చీలిన చెవిని కిందికి లాక్కుని కడుక్కుంటుంటే, నేను దానికి ఇంకేమీ తగిలించకుండా చూస్తూ కూర్చున్నాను. ఉన్నది చాలనిపించింది. ఆ రోజు నా లెక్క నలభై మూడు. మేడమ్ లెక్క నలభై మూడు. ఆవిడ మెచ్చుకోలేదు. పట్టీలో నా చేత కూడా సంతకం పెట్టించారు.

సోమవారం మీటింగుకు కాలనీవాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చారు. వాకర్స్ సంఘం పెద్దాయన లేచి, "పోరగాళ్ళు చూసి ఖుషీ అయితున్నరు, ఉంటే మీకేం పరేషాన్?" అన్నాడు. కాంట్రాక్టరు మనిషి, పేపర్లో రెండు వేలు అని పడిందన్నాడు. మేడమ్ నా వైపు చూడలేదు. ముందుకే చూస్తూ, "నరహరీ, నిలబడి చెప్పు" అన్నారు.

నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి లేచాను. "పేపర్లో రాసింది నేనే సార్. నేను లెక్కపెట్టలేదు. నవ్వుతారని రాశాను." ఎవరూ నవ్వలేదు. "దిబ్బ మీద ఉన్నవి నలభై మూడు" అని కూర్చున్నాను.

అప్పుడు మేడమ్ లేచారు. "ఆయనది ఒక తప్పు, నాది దానికంటే ముందుది. కాలేజీలో జంతువుల్ని కోయడం ఆపేసిన ఏడాది ల్యాబులో నాలుగు కుందేళ్ళు మిగిలాయి. చంపించబుద్ధి కాలేదు. సాయంకాలం పూట తీసుకొచ్చి ఈ దిబ్బ మీద వదిలాను. జువాలజీ చెప్పేదాన్ని, ఏమవుతుందో తెలియదని అనలేను. అక్కడి కొంగలకీ నీటికోళ్ళకీ నేను చేసిన నష్టం అది. కాబట్టి అవి అక్కడ ఉండకూడదు. అలాగని నేను తెచ్చిపెట్టినవాటికి మందు పెట్టనివ్వను. మీకు ఇష్టమైతే వారం ఇవ్వండి. ఇష్టం లేకపోయినా దిబ్బ మీదే కూర్చుంటాను, నా చుట్టూ చల్లుకోండి."

ఇంజనీరు వారం ఇచ్చాడు.

ఆ వారం సికింద్రాబాదులో ఎంత అలజడి రేగిందో చెప్తే మీరు నమ్మరు, నా చరిత్ర అట్లాంటిది. మేడమ్ పాత విద్యార్థులకు ఫోన్లు చేశారు. డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, బన్సీలాల్‌పేట్‌లో బట్టల షాపు యజమాని. "మగవి రెండు నీకు. ఆడవాటితో కలపకూడదు. బయట వదలకూడదు. పేరు రాసుకున్నాను" అనేవారు. కుదరదని ఒక్కడూ అనలేదు. బట్టల షాపాయన నాతో రహస్యంగా, "అన్నా, నాకు కుందేలంటే భయమే. కానీ మేడమంటే ఎక్కువ భయం" అన్నాడు. పశువుల డాక్టరు ఒకాయన, ఆవిడ శిష్యుడే, మగవాటికి ఆపరేషన్లు చేస్తానన్నాడు. మల్లేశ్ చేపల వలలను తుమ్మల నడుమ అడ్డంగా కట్టాడు. మేము వరసగా నడిచి తోలేవాళ్ళం. పట్టినదాన్ని కూరగాయల ట్రేలో క్యారెట్ ఆకులు పరిచి పెట్టి, మరో ట్రే మూతగా కట్టి, తెప్ప మీద దాటించేవాళ్ళం. అయిదు రోజుల్లో నలభై రెండు కుందేళ్ళు ఇళ్ళకు చేరాయి.

మిగిలింది పంతొమ్మిది. ఆరో రోజు అది కనబడలేదు. ఆ సాయంత్రం మొదటి వాన పడింది, మా కాలనీకి చెరువే కిందికి దిగివచ్చినట్టు. ఏడో రోజు ఇంజనీరు కాగితం పట్టుకుని గట్టు మీదికొచ్చాడు.

"ఒక్కటే కదా మేడమ్. నలభై మూడు అని రాసి దస్తకత్ పెట్టండి. మీ పని అయిపోయింది, మందు గింజల ఆర్డరు నేను వాపస్ తీసుకుంట."

నేను కూడా ఆశగా చూశాను. ఒక్క అంకె. నా జీవితంలో అంతకంటే చిన్న అబద్ధం నేను ఆడి ఎరగను.

"నేను చూడనిది రాయను బాబూ" అన్నారు మేడమ్. "పొద్దు కుంకే లోపల చూసి రాస్తాను."

ఆవిడను గట్టు మీదే కూర్చోబెట్టి మల్లేశూ నేనూ వెళ్ళాం. మధ్యాహ్నానికి తుమ్మ వేళ్ళ కింద వానకు కూలిపోయిన బొరియ కనబడింది. చేతులతో తవ్వాను. తడి మట్టిలో ముందు చెవి తగిలింది, చీలిన చెవి. రెండు చేతుల్లో పట్టుకుని తెప్ప మీద కూర్చున్నాను. ఈసారి తెప్ప ఒరగలేదు.

మేడమ్ దాని చెవిని వేళ్ళతో సరిచేసి చూశారు. పట్టీలో పంతొమ్మిది ఎదురుగా ‘చనిపోయింది’ అని రాశారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "లెక్కకు మూడు రోజులు పట్టింది కదా" అన్నారు, అంతే. ఆ మూడు రోజులూ ఎందుకు అవసరమయ్యాయో మా ఇద్దరికీ తెలుసు.

ఆ వారం నా శీర్షిక అయిదు వాక్యాలు. దిబ్బ మీద రెండు వేల కుందేళ్ళు లేవు. ఆ మాట నేను కల్పించాను. ఉన్నవి నలభై మూడు. నలభై రెండు పట్టుకున్నాం. ఒకటి చనిపోయింది. ఎడిటరు ఫోన్ చేసి, "ఏందన్నా, ఆఖరుది వచ్చి మేడమ్ ఒళ్ళో దుమికిందని రాయరాదు" అన్నాడు. రాయనన్నాను. రాయడం మానేస్తావా అన్నాడు. మా ఆవిడ దోసెలు ఉన్నంతకాలం మాననని చెప్పాను.

తర్వాత ఏటా వానలకు ముందు మేడమ్ మూడు పొద్దులు దిబ్బ మీద కూర్చుని, చెరువుల ఆఫీసుకు ఒక ఉత్తరం రాసేవారు. అక్కడ ఇంజనీర్లు మారారు, ఎవరూ అడగలేదు. అయినా రాసేవారు. ఆవిడ పోయి రెండేళ్ళు. ఇప్పుడు నేను వెళ్తున్నాను. తుమ్మలకు కొత్త బెరడు వచ్చింది, గడ్డి మోకాలి దాకా పెరిగింది. కిందటేడు గడ్డిలో ఒక నీటికోడి గూడు, అందులో అయిదు గుడ్లు. కుందేళ్ళు లేవని నాకు గట్టు మీద నుంచే తెలుసు, నిజానికి ఇంట్లో మంచం మీద నుంచే తెలుసు. మల్లేశ్ కూడా అంటాడు, "లేనిదానికి మూడు పొద్దులేంది సారూ, ఉత్తగనే రాసి పంపరాదు?" అని. నేను తెప్ప నడుమ కూర్చుని, పోనియ్యమంటాను. ఈ ఏడాది కూడా మూడు పొద్దులు కదలకుండా కూర్చుని, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం రాశాను: దిబ్బ మీద కుందేళ్ళు సున్నా, చూసి రాస్తున్నాను.