కడప బండ వేసిన పెట్టె

మా ముత్తాతకు తాత కోడుమూరు చుట్టుపక్కల పన్నెండు గ్రామాలకు తీర్పు చెప్పిన మనిషి. కర్నూలు నవాబు కొలువులో ఆయన కూర్చోవడానికి విడిగా తివాచీ పరిచేవారని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మా తాత ఆ తివాచీని చూడలేదు గాని ఆ మర్యాదను మాత్రం నిలబెట్టాడు. ఆయన నోట మాట వస్తే పత్రం అక్కర్లేదని ఆత్మకూరు వర్తకులు సైతం ఒప్పుకునేవారు. మా నాయన కాలానికి పొలాలు కోర్టుల పాలయ్యాయి. గుర్రాలు లేని గుర్రపుశాల, వానకు కారే పెద్ద సావిడి, ఇంటి పేరు మిగిలాయి. ఆ మూడింటికీ వారసుణ్ణి నేను. గొప్పకు చెప్పడం లేదు. పోయిన వారం నాకు పుట్టిన రోత ఎలాంటిదో తెలియాలంటే ఈ సంగతి ముందు తెలియాలి.

కర్నూలులో తమ్ముడి వరుసయ్యే వాని కొడుకు కొత్త ఇల్లు కట్టుకుని, పాటలు వినడానికి ఒక గది ప్రత్యేకంగా వేయించుకుని, చూడటానికి రమ్మన్నాడు. వెళ్లాను. కాఫీ అయినా ఇవ్వకముందే ఒక నల్లని పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఎత్తి చూడు పెదనాయనా, శానా బరువుండాది" అన్నాడు. పాట వినిపించలేదు, బరువు చూడమన్నాడు. ఆ పెట్టె ముందు పలక మీద బంగారు రంగు అక్షరాల్లో ఉన్నది మా ఇంటి పేరు. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో ఆ పిల్లవానికి తెలియదు. నా ఈడువాళ్లకు చెప్పుకుంటే నా మనసు కాస్త తేలికవుతుందేమో.

నేను చదువు ముగించి బెంగళూరులో కొలత మీటర్లు తయారుచేసే కర్మాగారంలో కొన్నేళ్లు పనిచేసి, నాయన పోయాక ఇల్లు చేరాను. అప్పటికి సీడీలు వచ్చి పడ్డాయి. సీడీలో పాట ఉండదు, అంకెలుంటాయి. ఆ అంకెలను తిరిగి శబ్దంగా మార్చే పెట్టెను డ్యాక్ అంటారు. మార్చే పని ఒక చిప్పు చేస్తుంది; అయితే దాని నుంచి వచ్చే కరెంటు బహు సన్నం, పైగా దాని వెంట చెవికి అందని చెత్త కూడా వస్తుంది. ఆ చెత్తను వడగట్టి, ఆ సన్నని కరెంటుకు తీగ దాటి ఆంప్లిఫయరు దాకా పోగల సత్తువ ఇచ్చే చివరి భాగమే అవుట్‌పుట్ స్టేజి. గాయకుని గొంతు గొంతుగా వినిపించడమా, రేకు మీద గీసినట్టు వినిపించడమా అన్నది చాలావరకు అక్కడే తేలుతుందని నేను నమ్మాను. గుర్రపుశాలను శుభ్రం చేయించి అందులో ఆ పని మొదలుపెట్టాను.

నాకు తోడు దొరికినవాడు కర్నూలు పాతబస్తీలో పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టే ముసలి మిస్త్రీ. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. అందరూ అక్కడ ఇంకో చిప్పు వాడతారు; మా అవుట్‌పుట్ స్టేజిలో చిప్పు లేదు. గుప్పిట్లో ఇమిడే చిన్న ట్రాన్స్‌ఫార్మరుతోనే ఆ పని జరిపించాలని నా పట్టుదల, దాన్ని చుట్టగలిగిన చేతులు ఆ జిల్లాలో ఆయనవే. వెంట్రుక కన్నా సన్నని తీగను, ఊపిరి బిగబట్టి, వరుస తప్పకుండా వేల చుట్లు చుట్టేవాడు. ఒక్కటి పూర్తి కావడానికి రెండు రోజులు పట్టేది. వినడంలోనూ ఆయన పద్ధతి వేరు. అందరూ పాట వింటే ఆయన మాటకూ మాటకూ నడుమ గాయకుడు ఊపిరి పీల్చే చోటు వినేవాడు. ఊపిరి వినపడకపోతే పెదవి విరిచి, మళ్లీ చుడతానని లేచేవాడు.

మంచి చెడ్డ తేల్చడానికి మేమొక కట్టుబాటు పెట్టుకున్నాం. సావిడిలో పంచె తెరగా కట్టి, దాని వెనక రెండు పెట్టెలు పెట్టేవాళ్లం. వినేవానికి ఏది ఏదో తెలియకూడదు. అన్నిటికన్నా ముందు ఒకే తీరు మోగే స్వరం వేసి, మీటరుతో రెండు పెట్టెల శబ్దమూ సమానం చేయాలి. ఎందుకంటే రవ్వంత గట్టిగా మోగేది ఎవరి చెవికైనా మేలైనదిగానే తోస్తుంది. చెవి అంత సులువుగా మోసపోతుంది. ఈ నియమం పెట్టినవాణ్ణి నేనే, దాన్ని గోడ మీద సున్నంతో రాసినవాణ్ణీ నేనే.

అమ్మకం పని కడపలో బండల వ్యాపారం చేసే నా బావమరిది చూసేవాడు. నాలుగేళ్లలో అమ్ముడుపోయిన పెట్టెలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అతడు ఊళ్లన్నీ తిరిగి వచ్చి, కొనేవాళ్లు పెట్టెను ఎత్తి చూసి తేలిగ్గా ఉందని పక్కన పెడుతున్నారని, అడుగున మెరుగుపెట్టిన కడప బండ ఒకటి బిగిస్తే సరిపోతుందని చెప్పాడు. నాకు ఒళ్లు మండి, మా ఇంటి పేరు కింద రాయి అమ్మనన్నాను. "చెవితో కొనేటోడు యాడుండాడు బావా? అందరూ చేత్తోనే కొంటాండారు" అన్నాడు. శనక్కాయల మూటను అరచేత్తో తూచే అంగడిలో పెరిగినవాని మాట అది అనుకుని, ఆ రోజు వానితో కలిసి అన్నానికి కూర్చోలేదు. ఇంతకీ మా ఊరి అంగడిలోనూ జనం అలాగే తూచేవారు. ఆ సంగతి మరిచిపోవడం నాకు అప్పట్లో మర్యాదగా తోచేది.

కొన్ని నెలలకు అతడు బెంగళూరు వ్యాపారులు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చేటప్పుడు దుప్పటి చుట్టిన ఒక పెట్టె తెచ్చాడు. దాన్ని మన పెట్టెతో పక్కపక్కన పెట్టి వినమన్నాడు. కొత్త మనుషుల ముందు నాకు పూర్వీకులందరూ ఒక్కసారి ఒంట్లోకి వచ్చారు. మామ చుట్టిన చుట్టును నేను గుర్తుపట్టలేకపోతే మా ఇంటి పేరు నువ్వే తీసుకుని ఇష్టమొచ్చిన పెట్టె మీద రాసుకో అని, నలుగురూ వినేలా మాట ఇచ్చేశాను. బావమరిది తల ఊపాడు.

మామ పెట్టెలు సర్దడానికి తెర వెనక్కు వెళ్తూ నా దగ్గర ఆగాడు. "మీటరు పెట్టల్లుడా. బయటోళ్లుండారని సిగ్గుపడొద్దు" అని మెల్లగా అన్నాడు. ఇచ్చిన మాటకు మీటరు సాక్ష్యం తెచ్చుకోవడం మా ఇంట్లో లేదని, వ్యాపారులకు వినపడేలాగే జవాబిచ్చాను. గోడ మీద నా చేతి రాత నా వెనకే ఉంది. ఆయన తెర వెనక్కు వెళ్లిపోయాడు.

మొదటి పెట్టె మోగింది, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. రెండోదానిలో డోలు నిండుగా, నాదస్వరం నా గుండెల దగ్గరకు వచ్చినట్టుగా వినిపించింది. కళ్లు మూసుకుని వింటూ, ఇదీ మా మామ చెయ్యి, ఇంకెవరికీ రాదని చెప్పాను. చెప్పడంతో ఆగక, మొదటిది రేకు డబ్బా అని కూడా అన్నాను. మామ తెర తీశాడు. ఆయన ముఖం నా వైపు లేదు. నేను మెచ్చుకున్నది దుప్పటిలో వచ్చిన పెట్టె. బావమరిది మరలు విప్పి మూత తీశాడు. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండాల్సిన చోట గోరంత చిప్పు ఒకటి, అడుగున నిగనిగలాడే కడప బండ. వ్యాపారులు నవ్వలేదు. నవ్వి ఉంటే నయం. ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి ఆ పెట్టెను చేత్తో ఎత్తి చూసి, తమలో తాము తలలూపుకున్నారు.

వాళ్లు వెళ్లాక మామ మీటరు తెచ్చి పెట్టాడు. బండ పెట్టె రవ్వంత గట్టిగా మోగుతోంది. సమానం చేసి మళ్లీ తెర కట్టాడు. ఆ సాయంత్రమంతా విన్నాను. నిజం చెప్పుకోవాలి, ఏది ఏదో నాకు తేలలేదు. ఊపిరి పీల్చే చోటు రెండింటిలోనూ వినిపించింది. నాలుగేళ్లుగా అందరి చెవులనూ అసహ్యించుకున్నవాణ్ణి, ఆ పూట నా చెవులను చూసి ఏవగించుకున్నాను. "చిప్పు తప్పేం లేదల్లుడా, అది బాగానే చేస్తాండాది. బండే తప్పు" అన్నాడు మామ. ఇన్నేళ్లలో నేను విన్న ఒకే ఒక్క న్యాయమైన తీర్పు అది. చెప్పినవాడు తివాచీ మీద కూర్చున్న మనిషి కాదు.

మాట ఇచ్చాను గనక పేరు ఇచ్చేశాను. బావమరిది దానికి ఏమైనా ఇస్తానంటే తీసుకోలేదు. అంతవరకే నా పౌరుషం. మామ మళ్లీ పంపుసెట్ల మోటార్లకు వెళ్లిపోయాడు. మా ఇంటి ముందు నుంచి పోతూ పలకరించేవాడు గాని గుర్రపుశాలలోకి రాలేదు, నేనూ రమ్మనలేదు.

ఇప్పుడు చిప్పులు మా రోజుల కన్నా ఎంతో మేలు. అరచేతిలోని ఫోనుకు తగిలించే వేలెడంత ముక్క కూడా నేను గుర్రపుశాలలో కలగన్నదానికన్నా శుభ్రంగా మోగుతుంది. అలాంటప్పుడు బండ ఇంకా ఎందుకు? వినే తీరికా, పోల్చి చూసే ఓపికా లేనివాళ్లకు చేతికి తగిలే బరువే నమ్మకం కాబోలు. ఆ పిల్లవాడు చివరకు పాట వేశాడు. బాగానే ఉంది. గాయకుడు ఊపిరి పీల్చే చోటు కోసం చెవి పెట్టేసరికి, ధర ఎంతో చెప్పడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు మామా నేనూ నాలుగు గంటలు నోరు మెదపకుండా కూర్చున్న సావిడి గుర్తుకు వచ్చింది. ఆ పెట్టెను ఒళ్లోంచి దించి, కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

మామ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు పద్దెనిమిది మిగిలిపోయాయి. ఆయన పోయిన మరుసటి ఏడు వాటిని పాత సామాన్ల వానికి తూకానికి అమ్మాను.