బావ మంచానికి ఎర్రజెండా

తుంటిలో బిగించిన ఇనుము వదులైతే, దాన్ని తీసి మళ్లీ కొత్తది బిగించడం ఇప్పుడు పెద్ద వింత కాదంటారు. డెబ్బైల్లో మా ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో అలా రెండోసారి వేయించుకున్నవాడు మా బావ ఒక్కడే. అందుకే ఆయన తుంటి మీద అభిప్రాయం లేని మనిషి కాలనీలో లేడు.

నాకు బడి చదువు లేదు. పాత పుస్తకాల కొట్లో దొరికిన డాక్టరీ పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వదులైన ఇనుము కదిలి కదిలి చుట్టూ ఉన్న ఎముకను అరగదీసేసిందట. కలకత్తా డాక్టరు కొత్తది బిగించి, బావ నడుం దగ్గరి ఎముకే కొంత తీసి ఆ గుంటలో కూరాడు. అది అతుక్కునేదాకా ఆ కాలి మీద బరువు మోపవద్దని, ఈసారి ఊడితే మళ్లీ బిగించడానికి ఎముక మిగల్లేదని చెప్పి పంపాడు.

బావ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం తోటి ఫిట్టర్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు.

"ఏటి గురూ, కొత్త బేరింగేసి తిప్పకుండా ఉంచితే పట్టేత్తాది. లెగు, ట్రయల్ తీద్దాం," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"ఎముక కూరినార్రా, అతకాల," అంటూనే బావ సగం లేచాడు.

"లోడు పడితేనే సర్దుకుంటాది. ఆ డాక్టర్ దాదా ఎప్పుడైనా ఇంజనిప్పినాడేటి?"

నేను పుస్తకం తెచ్చి బొమ్మ చూపించాను. పెద్దాయన దాన్ని అందుకుని విసురుకోవడం మొదలుపెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతలో అక్క వంటింట్లోంచి వచ్చి, ఎర్ర రైక గుడ్డను మంచం కోడుకు ముడేసింది. అందరూ ఒక్కడుగు వెనక్కి వేశారు. బండి కింద పని జరుగుతుంటే దానికి ఎర్రజెండా కడతారు. కట్టిన మనిషి తప్ప, ఫోర్‌మన్ అయినా సరే, దాన్ని విప్పకూడదు. విప్పేదాకా బండి కదలదు.

"వదినా, ఇది మంచం గదా," అని ఒకాయన గొణిగాడు.

"అయితే పీకండి, సూద్దాం."

ఎవరూ పీకలేదు. టీ తాగి వెళ్లిపోయారు.

ఓ రోజు అక్క బజారుకు వెళ్లినప్పుడు నేనే కవ్వించాను. "వరండా దాకా పోదామా బావా? ఎవరు చూస్తారు?"

"జెండా ఉందిరా," అన్నాడు, నన్ను బుద్ధిలేనివాణ్ని చూసినట్టు చూస్తూ.

ఎముక అతికింది. కాలు మాత్రం కాస్త పొట్టిదైంది. చెప్పుకు మందం అట్ట వేయించాం. నేల మీద కూర్చుని భోంచేయడం ఇక లేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి భేష్ అన్నాడు. ఫిట్టర్లు నడక చూసి అలైన్‌మెంట్ పోయిందన్నారు. ఆ కాలు మోసేవాణ్ని అడగాలని ఒక్కరికీ తోచలేదు. నేనడిగాను.

"నొప్పి లేదురా. రాత్రి ఆ తుంటేపే తిరిగి తొంగుంటన్నాను," అన్నాడు.

"ఔను, ఇప్పుడు గురకంతా గోడకే," అంది అక్క.